చేపల తొట్టి కింద నాలుగు ముళ్ళు

ఆవిడను మొదట ముళ్ళక్క అని పిలిచింది టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో తోటి పనివాళ్ళు. రోజంతా ముళ్ళు వేసే అక్క కాబట్టి ముళ్ళక్క. ఆ సంగతి తెలియని కొత్తవాళ్ళు, ఈవిడ మాట గుచ్చుకునే రకమేమో అనుకుని మొదటి రోజు రెండడుగులు దూరంగా నిలబడేవారు. ఆవిడ సరిదిద్దేది కాదు. "దూరంగా ఉంటే మంచిదే, వెలుతురుకి అడ్డం రారు" అనేది.

ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. మనిషికి రెండింతల ఎత్తున్న ఇనప చట్రాలు, వాటి వెనక వేల వైర్లు, ఒక్కో వైరు ఊళ్ళో ఒక్కో ఇంటిది. వాటిని కట్టలుగా చేర్చి, మైనం పూసిన దారంతో, బొటనవేలి వెడల్పుకి ఒక ముడి చొప్పున బిగిస్తూ పోవాలి. ఎక్కువ బిగిస్తే వైరు లోపల నలుగుతుంది, తక్కువ బిగిస్తే కట్ట జారుతుంది. పని నేర్పిన ముసలి మేస్త్రీ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కట్ట మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరి, ఎక్కడైనా చెయ్యి ఆగితే అక్కడినుంచి మొత్తం విప్పించేవాడు. ఆవిడ కట్టిన కట్ట మీద ఆయన చెయ్యి మొదటిసారి ఆగకుండా కిందిదాకా పోయిన రోజు, ఇంటికి నడుస్తూ దారంతా తనలో తను నవ్వుకుందట.

వైర్లను పోల్చుకోవడానికి రంగులుండేవి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. మళ్ళీ నీలం, నారింజ. నిద్రలో తట్టి లేపి అడిగినా వరస తప్పేది కాదు.

ఆ తర్వాత ఫోన్లన్నీ జేబుల్లోకి వచ్చేశాయి. ఎక్స్‌చేంజి మూసేశారు. చట్రాలు విప్పే రోజున ఆవిడ వెళ్ళి చూసింది. ఇద్దరు మనుషులు పెద్ద కత్తెరలు పట్టుకుని, ఆవిడ ఏళ్ళ తరబడి కట్టిన కట్టల్ని చెరకు నరికినట్టు నరికి గోనెసంచుల్లో కుక్కారు. సామాన్ల గదిలో మిగిలిపోయిన మైనం దారం బంతిని ఒకదాన్ని అడిగి తెచ్చుకుంది. అంతే, ఉద్యోగం అయిపోయింది.

ఇంట్లో ఇద్దరే ఉండేవారు, ఆవిడా, భర్తా. ఆయన బేకరీలో బట్టీ మేస్త్రీ. తెల్లవారకముందే వెళ్ళి, పదకొండింటికి ఒళ్ళంతా పిండివాసనతో వచ్చి, తిని, మూడింటిదాకా పడుకునేవాడు. ఫ్యాను పూర్తి వేగంతో తిరగాలి. జీవితమంతా నిప్పు ముందు నిలబడ్డవాడికి గాలి తగలకపోతే కన్ను మూతపడదు. నిద్రలో ఫ్యాను ఆగితే, ఆగిన క్షణంలోనే లేచి కూర్చునేవాడు.

ఆ రెండో అంతస్తు ఇంట్లోకి చేపలు మరిది వల్ల వచ్చాయి. ఆయన బడి పిల్లల వ్యాను నడిపేవాడు. ఆలస్యంగా పెళ్ళయి, కవలపిల్లలు పుట్టి, ఆ ఇద్దరూ ఒకే వారంలో పాకడం మొదలుపెట్టారు. పాకుతూ పాకుతూ తిన్నగా చేపల తొట్టి వెనక్కి వెళ్ళి వైర్లు నోట్లో పెట్టుకోవడం నేర్చారు. భార్య ఒకే మాట అంది: "ఇంట్లో పిల్లలైనా ఉండాలి, చేపలైనా ఉండాలి." ఆ సాయంత్రమే ఆయన వదిన దగ్గరికి వచ్చాడు.

"వదినా, కాదనకు. నాలుగడుగుల తొట్టి, కింద బీరువాలాంటి స్టాండు. చేపలు నీకు భారం కావు, మాట్లాడవు."

"మాట్లాడనివాటిని పెంచుకోవాలని ఎప్పటినుంచో ఉందయ్యా. మీ అన్నదమ్ములతో వేగలేక" అంది ముళ్ళక్క.

నలుగురు మనుషులు కలిసి తొట్టిని మెట్లెక్కించారు. పలచటి త్రికోణాల్లా ఉండే ఏంజెల్ చేపలు నాలుగు, నడుముకి ఎర్రగీత ఉన్న చిన్నచేపలు డజను. వాటితోపాటు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి దుమ్ము కొట్టుకుపోయిన వైర్ల చిక్కు. లైటుదొకటి, నీళ్ళు వడకట్టే ఫిల్టరుదొకటి, బుడగలు వదిలే గాలి మోటారుదొకటి, నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరుదొకటి. అన్నీ నేల మీద తొట్టి వెనక పడి ఉన్నాయి. భర్త నిద్ర లేచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇది చేపల తొట్టా, సబ్‌స్టేషనా?"

"ఓ వారం ఓపిక పట్టండి" అంది ఆవిడ. చాలా నెలల తర్వాత ఆ గొంతులో హుషారు వినపడింది ఆయనకు.

ఆ వారంలో ఆవిడ చేసిన పని గురించి చెప్పాలి. ముందుగా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, ఇంటి మెయిన్ దగ్గర ఒక ట్రిప్ స్విచ్ పెట్టించింది. కరెంటు దారి తప్పి నీళ్ళలోకో మనిషిలోకో పోతే, కన్ను మూసి తెరిచేలోగా ఇంటి మొత్తానికి కరెంటు పడగొట్టేస్తుంది అది. "ఇప్పుడేం అవసరమమ్మా?" అని అతను నసిగితే, "నీళ్ళూ కరెంటూ ఒక కప్పు కింద కాపురం చెయ్యాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి ఉండొద్దా?" అంది.

తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సును నేలమీదినుంచి లేపింది. తొట్టి కింది అరలో, తలుపు తెరవగానే పక్కగోడకు, పైభాగంలో ఒక చెక్కముక్క కొట్టి, దానికి బాక్సు బిగించింది. ఎప్పుడైనా నీళ్ళు కారితే నేలమీద నిలుస్తాయి, గోడెక్కవు. స్టాండు వెనక పలకకి గుండ్రటి కంత చేయించి, అంచు వైరును కొయ్యకుండా రబ్బరు తొడిగింది. తొట్టి వెనక అద్దానికి నల్లటి కాగితం అంటించి, వైర్లన్నిటినీ ఒక మూలకు చేర్చి, ఆ కాగితం వెనక నిలువుగా దించింది. ముందునుంచి చూస్తే నీళ్ళూ, మొక్కలూ, చేపలూ తప్ప వైరన్నది కనపడదు. గాలి మోటారును మాత్రం కింద దాచలేదు. నీటిమట్టం కంటే పైన, వెనకవైపు చిన్న బల్లచెక్క మీద, స్పాంజి ముక్క వేసి కూర్చోబెట్టింది. కిందుంటే, కరెంటు పోయినప్పుడు సన్నగొట్టంలోంచి నీళ్ళు వెనక్కి జారి మోటారులో దిగుతాయి.

భర్తకు ఒక్క విషయం నచ్చలేదు. అర తలుపు తెరిస్తే ప్రతి వైరూ ప్లగ్గు కింద జానెడు వేలాడుతోంది.

"ఇంత చేసి ఇదేమిటోయ్, ఊయల కట్టినట్టు వదిలేశావు? లాగి కట్టెయ్యరాదూ?"

"అది కావాలనే. వైరు వెంబడి నీటిచుక్క జారిందనుకోండి, ఆ వంపు దాకా దిగి అక్కడే నేలమీద రాలిపోతుంది. లాగి కట్టారా, తిన్నగా ప్లగ్గులోకే దారి."

ఆయన కాసేపు ఆ వంపుల్ని చూసి, "ముప్పై ఏళ్ళు ఫోన్లు కట్టావనుకున్నా. నీకు ఇంత తెలుసని తెలీదు" అన్నాడు. ఆవిడ మిగులు వైరును ఎనిమిది అంకెలా మడిచి కట్టుకుంటూ పోయింది.

ఇంతవరకూ ఆయనకు తెలిసిన కథ. తెలియనిది ఒకటుంది.

పని మొదలుపెట్టిన మూడో రోజు ఆవిడ బజారునుంచి అయిదు రంగుల టేపులు తెచ్చుకుంది. ఇక్కడి వైర్లన్నీ నల్లవి, ప్లగ్గులన్నీ ఒక్కలాంటివి. అలవాటు ప్రకారం లైటుకు నీలం, ఫిల్టరుకు నారింజ అనుకుంటూ అర ముందు నేలమీద కూర్చుని టేపు చుట్టబోయింది. చేతిలో ఉన్నది నీలమో బూడిదో తెలియలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంది. రెండూ ఒకటే. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండలో పట్టుకుని చూసింది. చాలాసేపు చూశాక ఒకటి కాస్త నీలంగా ఉందేమో అనిపించింది. అదీ అనుమానమే.

కళ్ళ సంగతి ఆవిడకు కొత్త కాదు. ఏడెనిమిది నెలలుగా జరుగుతోంది. ఎడమ భుజానికి ద్వారబంధం తగులుతుండేది. ఎదురుగా వస్తున్నవాళ్ళు కనపడతారు, పక్కనుంచి వచ్చేవాళ్ళు ఉన్నట్టుండి మీద పడ్డట్టు వస్తారు. మెట్లు లెక్కపెట్టుకుని దిగేది: పదకొండు, మలుపు, పదకొండు. టీ పోసేటప్పుడు కప్పు అంచు లోపల చూపుడువేలు పెట్టుకునేది. పేపరు చదవడం మానేసి, "అందులో ఏముంటుందిలెండి" అనేసింది. కళ్ళజోడు మార్చుకుంటే సరిపోతుందని తనకు తాను చెప్పుకుంటూ, మార్చడానికి మాత్రం వెళ్ళలేదు. వెళ్తే సరిపోదని చెబుతారేమోనని.

ఆ భయానికి కారణం వాళ్ళ నాన్న. ఆయన దర్జీ. అరవై దాటాక చూపు పోయింది. చూపు పోయాక కూడా వేళ్ళతో తడిమి గుడ్డ ఏ నూలో, ఏ వైపు సాగుతుందో చెప్పేవాడు. కానీ ఒకరోజు చెయ్యి తెగింది. ఆ రోజు ఆయన చేతిలోంచి కత్తెర లాక్కున్నది ఈవిడే. ప్రేమతోనే లాక్కుంది. తర్వాత అందరూ ప్రేమతోనే ఒక్కొక్కటీ లాక్కున్నారు: కుండలోంచి నీళ్ళు ముంచుకోవడం, వీధి చివరిదాకా నడవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం. "నువ్వు కూర్చో నాన్నా." ఆరేళ్ళు ఆ ఇంట్లో ఆయనకు వినపడిన మాట అదొక్కటే. ఆయన కూర్చునే పోయాడు.

అందుకే ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర టేపుల్ని సొరుగులో పడేసి, మైనం దారం బంతి బయటికి తీసింది. నాలుగు ప్లగ్గులకు నాలుగు దారాలు కట్టింది. లైటుకు ఒక ముడి, ఫిల్టరుకు రెండు, గాలి మోటారుకు మూడు, హీటరుకు నాలుగు. కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తప్పలేదు.

భర్త చూసి "ఇవేమిటి, అందానికా?" అన్నాడు.

"అందానికే" అంది.

నాలుగు నెలలు హాయిగా నడిచింది. వారానికోసారి మధ్యాహ్నం, భర్త పడుకున్నాక, తొట్టిలో సగం నీళ్ళు తీసి కొత్తనీళ్ళు పోసేది. ముందు హీటరు ప్లగ్గు తీసెయ్యాలి, అది ముఖ్యం. నీళ్ళు తీస్తే హీటరు గాజుగొట్టం బయటపడుతుంది, నీళ్ళు లేని హీటరు నిప్పులా కాగుతుంది. ఆవిడ అరలో చెయ్యి పెట్టి, నాలుగు ముళ్ళ దారం వెతికి, ఆ ప్లగ్గు లాగేది. తర్వాత రెండు ముళ్ళది. చూడాల్సిన అవసరమే రాలేదు. ఇంటికొచ్చినవాళ్ళు తొట్టి ముందు నిలబడి, "వైర్లేవీ కనపడవేం, ఇదెలా నడుస్తోంది?" అని అడిగితే, భర్త అర తలుపు తెరిచి తనే కట్టినంత గొప్పగా చూపించేవాడు.

ఒక ఆదివారం మరిది వచ్చాడు. చేపల్ని చూసి మురిసిపోయాడు. అర తలుపు తెరిచి ఇంకా మురిసిపోయాడు. వదిన మార్కెట్టుకు వెళ్ళి ఉంది. మరిది ఊరికే కూర్చోలేని మనిషి. సంచిలోంచి చిన్నచిన్న కాగితాలు తీసి, బడి పిల్లల సంచులకు రాసినంత పొందికగా లైటు, ఫిల్టరు, గాలి, హీటరు అని పేర్లు రాశాడు. ఒక్కో ప్లగ్గూ తీసి, దుమ్ము తుడిచి, దారం జార్చి పక్కన పెట్టి, పేరు అంటించి, మళ్ళీ పెట్టాడు. దారాలు మిగిలాయి. అవి అందానికి కట్టినవని అన్నయ్య ఇందాకే చెప్పాడు. అందాన్ని పారెయ్యడం ఎందుకని, చేతికందిన దారాన్ని చేతికందిన ప్లగ్గుకు తొడిగేశాడు. ఫిల్టరుదీ గాలిదీ అదృష్టంకొద్దీ వాటి చోటికే చేరాయి. లైటుదీ హీటరుదీ తారుమారయ్యాయి.

ఆవిడ రాగానే, "వదినా, ప్లగ్గులన్నిటికీ పేర్లు రాసిపెట్టా. ఇక చిన్నపిల్లాడైనా చూసి చెప్పగలడు. నీ దారాలు మాత్రం భద్రంగా కట్టేశాలే" అన్నాడు.

ఆవిడ కూరల సంచి గుమ్మంలోనే దించేసింది. అర దగ్గర కూర్చుని తడిమింది. నాలుగు దారాలూ ఉన్నాయి, ముళ్ళు చెక్కుచెదరలేదు. "మంచిపని చేశావయ్యా" అంది. "ఏ దారం దేనికి కట్టావు?" అని ఒక్క మాట అడిగితే పోయేది. అడిగితే "పేరు రాసుందిగా వదినా" అంటాడు. ఆ పైన ఏం చెప్పాలి?

బుధవారం నీళ్ళు మార్చే రోజు. భర్త లోపలి గదిలో పడుకుని ఉన్నాడు, ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. పగలు కాబట్టి తొట్టి లైటు ఎలాగూ ఆపే ఉంది. ఆవిడ అరలో చెయ్యి పెట్టి, నాలుగు ముళ్ళ ప్లగ్గు లాగింది. రెండు ముళ్ళది లాగింది. ఫిల్టరు చప్పుడు ఆగింది. గొట్టం పెట్టి సగం నీళ్ళు బకెట్లలోకి తీసింది. తర్వాత కొత్తనీళ్ళ బకెట్టు పైకెత్తి, చేపలు బెదరకుండా ఎడమచేతిని నీళ్ళలో అడ్డం పెట్టి, ఆ చేతి మీదుగా పొయ్యడం మొదలుపెట్టింది.

ఠప్ మని గాజు పగిలింది. చెయ్యి మోచేతిదాకా జివ్వుమంది. అదే క్షణంలో ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. బుడగలు ఆగాయి, ఫ్రిజ్జు ఆగింది, ఫ్యాను ఆగింది. బకెట్టు ఆవిడ చేతిలోంచి జారి నేలమీద దొర్లింది.

ఫ్యాను ఆగగానే లేచినవాడు గుమ్మంలో కనపడ్డాడు. నేలంతా నీళ్ళు. భార్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. తొట్టిలో సగం నీళ్ళలో చేపలు ఒక మూలకు గుంపుకట్టాయి.

"ఏమైంది? తగిలిందా? చెయ్యి చూపించు!"

"నాకేం కాలేదు. ట్రిప్ పడింది. హీటరు పగిలినట్టుంది." ఆయన తొట్టిలో చెయ్యి పెట్టబోతుంటే కేక వేసింది. "ఆగండి! ముందు ప్లగ్గులన్నీ బయటికి రావాలి. అరలో చూడండి, నాలుగు ముళ్ళది నేను లాగేశాను. మిగతావి లాగండి."

ఆయన వంగి చూశాడు. "నాలుగు ముళ్ళదా? ఇదిగో, కింద పడుంది. ఇది లైటుదే."

"కాదు, హీటరుది."

"లైటు అని రాసుందోయ్. తమ్ముడు ఇంతింత అక్షరాలతో రాశాడు. హీటరు ప్లగ్గు ఇంకా లోపలే ఉంది. దీని మీదా రాసుంది. నువ్వు చదవలేదా?"

ఆవిడ తడిచేత్తో కళ్ళజోడు సర్దుకుంది.

"కళ్ళజోడు పెట్టుకునే ఉన్నావుగా. చూడలేదా?"

"కనపడలేదు."

"చీకటిగా ఉంటే టార్చి వేసుకోవాల్సింది."

"టార్చి వేసినా కనపడదండీ."

ఆయన ప్లగ్గు చేతిలో పట్టుకుని అలాగే గొంతుక్కూర్చున్నాడు. ఏడాదినుంచి చూస్తున్నవన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చినట్టున్నాయి. భుజం మీద తగ్గకుండా ఉండే కమిలిన మచ్చ, మడత విప్పని పేపరు, కప్పులో ముంచిన వేలు. "ముందు వీటి సంగతి చూద్దాం" అన్నాడు. ప్లగ్గులన్నీ లాగి, గాజుముక్కలు ఏరి, చేపల్ని వలతో బకెట్లోకి మార్చారు. ఆవిడ చెప్పింది, ఆయన చేశాడు.

మర్నాడు ఆయన బేకరీకి సెలవు పెట్టి, ఆవిడను కళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోమన్నారు. మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ, పక్కల్లో ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. ఆవిడ శ్రద్ధగా చుక్కను చూస్తూ కూర్చుంది. రెండుమూడుసార్లు నొక్కింది. తర్వాత చాలాసేపు ఏమీ మెరవలేదు.

"ఇంకా మొదలవలేదా అమ్మా?" అని అడిగింది.

"అయిపోయిందండీ" అంది నర్సు.

డాక్టరు కాగితం మీద రెండు గుండ్రాలు చూపించాడు. అంచులనుంచి లోపలికి నలుపు కమ్ముకుని, ఎడమదానిలో మధ్యన కాస్తా, కుడిదానిలో ఇంకొంచెమూ తెల్లగా మిగిలింది. దీన్ని నీటికాసులంటారని, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. చుక్కల మందు రోజూ వేళ తప్పకుండా వేసుకుంటే మిగిలినదాన్ని కాపాడుకోవచ్చన్నాడు. "ఏడాది ముందు వచ్చి ఉంటే బాగుండేది" అని కూడా అన్నాడు. తిట్టినట్టు అనలేదు. అయినా బయటికి వచ్చాక భర్త ముఖం గడ్డకట్టుకుపోయింది.

రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. మందు వేళకు మందు వేసేవాడు, రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, పడుకునేవాడు. అలిగి మాట్లాడకపోవడం వేరు, ఇది వేరు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడే ఆయన ఎదురుగా కూర్చుంది.

"తిట్టాలనుంటే తిట్టండి."

"కళ్ళు పోతున్నాయని తిడతానా? చెప్పలేదని. ఒక్క ఇంట్లో ఉంటూ ఏడాదిపాటు నా పక్కన నటించావు. ఆ ట్రిప్ స్విచ్ లేకపోతే? నేను లేచి వచ్చేసరికి నువ్వు..." ఆయన కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "నేను అంత పనికిమాలినవాణ్ణా?"

అప్పుడు ఆవిడ నాన్న సంగతి చెప్పింది. ఆయనకు మామగారు గుర్తున్నారు, కుర్చీలో కూర్చుని ఎవరడుగు వినపడినా తల తిప్పే ముసలాయన. కత్తెర సంగతి మాత్రం తెలియదు. ఆవిడ అదంతా చెప్పి, "మీరు మంచివారు కాబట్టే చెప్పలేదు. చెప్పిన మర్నాటినుంచి నన్ను కాలు కింద పెట్టనివ్వరు" అంది.

ఆయన తల దించుకుని అరచేతులు చూసుకున్నాడు. కాలిన మచ్చలతో దళసరిగా అయిపోయిన చేతులు. "నిజమే, పెట్టనివ్వను" అన్నాడు. "ఎలా పెట్టనివ్వాలో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి. ముందు ఆ ముళ్ళు నేర్పు. రేపు ఎవడైనా వచ్చి మళ్ళీ మార్చిపెడితే కనీసం నాకైనా తెలియాలిగా."

ఇద్దరూ అర ముందు నేలమీద కూర్చున్నారు. ఆవిడ దారం చేతికిచ్చి, వేళ్ళు పట్టుకుని చూపించింది. పిండి పిసికిన చేతులకి సన్నదారం లొంగలేదు. అరగంట కష్టపడి హీటరు దారం తయారుచేసి, గర్వంగా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వేలితో తడిమింది.

"ఇవి నాలుగు ముళ్ళు కావండీ. ఒక్క ముద్ద."

"ముద్ద అయితేనేం? ముద్ద అంటే హీటరు అని గుర్తుపెట్టుకో."

ఆవిడకు నవ్వాగలేదు. ఆ ముద్దనే కొత్త హీటరుకు కట్టింది. మరిది రాసిన పేర్లు కూడా తీసెయ్యలేదు, అవి భర్తకు, దారాలు ఆవిడకు.

మరిది మాత్రం సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "వదినా, నా బుద్ధికి తెగులు పట్టింది. అన్నయ్య నన్ను బట్టీలో పెట్టి కాల్చేటట్టున్నాడు" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"నిన్ను కాలిస్తే ఎవరు తింటారయ్యా? లోపలికి రా" అంది ఆవిడ. "ముడికి అర్థం చెప్పకుండా దాచినదాన్ని నేను. నువ్వేం చేస్తావు?"

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. భర్త ఎంత ప్రయత్నించినా మొదట్లో చెయ్యి ముందుకు వచ్చేసేది. ఆవిడ బకెట్టు ఎత్తబోతే తను అందుకునేవాడు. ఆవిడ ముఖం చూసి వదిలేసేవాడు. వదిలేసి లోపలికి వెళ్ళి, వినపడేట్టు నిట్టూర్చేవాడు. ఒకటి రెండుసార్లు గట్టిగానే కీచులాడుకున్నారు. ఒకసారి ఆవిడే మెట్ల మలుపులో తూలి, పైకొచ్చి, అడక్కుండానే "రేపటినుంచి కిందికి దిగేటప్పుడు మీ చెయ్యి పట్టుకుంటా" అంది. ఆ మాట చెప్పడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ఆయనకు తెలిసింది. "సరే" అని మాత్రం అన్నాడు. ఇంకేమైనా అంటే మనసు మార్చుకుంటుందని భయం.

నీళ్ళు మార్చే పని ఆవిడదే. ఇప్పుడు ఆయన పడుకోకముందే మొదలుపెడుతుంది. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, "హీటరు గాజు మునిగింది", "పాచి పట్టింది, కుడి మూల" అంటూ కళ్ళకు కనపడేవి చెబుతుంటాడు. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుంటాడు.

వర్షాకాలం చివర్లో ఒకరోజు అలా కూర్చుని ఉండగా ఆయన ఉన్నట్టుండి అద్దానికి ముక్కు ఆనించాడు.

"ఏమోయ్, ఫిల్టరు గొట్టానికి ఏదో అంటుకుంది. బొంబాయిరవ్వ చల్లినట్టుంది."

ఆవిడ చెయ్యి ఆపింది. "ఏంజెల్ చేపలు ఎక్కడున్నాయి?"

"రెండు అక్కడే తిరుగుతున్నాయి. రెక్కలతో విసురుతున్నాయి. ఇంకోటి దగ్గరికి వస్తే తరుముతున్నాయి."

"గుడ్లు! గుడ్లు పెట్టాయండీ! ఇవాళ నీళ్ళు ముట్టుకోవద్దు." ఆవిడ తడిచెయ్యి చీరకు తుడుచుకుని ఆయన పక్కకు వచ్చి, అద్దానికి నుదురు ఆనించి, మిగిలిన చూపు తగిలే చోటికోసం తల మెల్లగా అటూ ఇటూ తిప్పింది. గొట్టం కనపడింది. దాని పక్కన పలచటి నీడ ఒకటి కదిలింది. గుడ్లు కనపడలేదు.

"వరసలుగా ఉన్నాయా, చెల్లాచెదురుగానా?"

"వరసలే. నిలువు వరసలు. తేనెరంగులో ఉన్నాయి, లోపలికి వెలుగు పోతోంది. రెండు మాత్రం తెల్లగా ఉన్నాయి."

"తెల్లవి చెడిపోయినవి. మిగతావి ఎన్ని?"

"ఎన్నని చెప్పను, బోలెడు."

"బోలెడంటే కుదరదు. లెక్కపెట్టండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వేలు అద్దం మీద పెట్టి, పై వరసనుంచి మొదలుపెట్టాడు. అరవై దాటాక తల్లిచేప అడ్డం వచ్చింది. లెక్క తప్పింది. ఆవిడ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని కూర్చుని, "మళ్ళీ మొదటినుంచి" అంది. ఆయన మళ్ళీ "ఒకటి" అన్నాడు.